ఇంటి నిండా పాత సామాన్లు: అంతకంటే ముందు ఆ దగ్గు సంగతి చూడండి

ప్రశ్న: మేము దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు పడక గదుల ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా మామగారికి 69 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, గుండె కోసం రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటారు. రెండేళ్ల క్రితం అత్తయ్యగారు పోయినప్పటి నుంచి ఆయన ఏ వస్తువునూ పారేయనివ్వడం లేదు. పాత పేపర్లు, నూనె డబ్బాలు, అట్టపెట్టెలతో సజ్జలు, బాల్కనీ, ఆయన గది నిండిపోయాయి. ఆ దుమ్ముకే కాబోలు, మూడు వారాలుగా రాత్రిళ్లు దగ్గుతున్నారు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఐదు రోజులు వేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఈమధ్య ప్యాంట్లు కూడా వదులయ్యాయి. పోయిన నెల పేపర్ల కట్ట కాలికి తగిలి పడ్డారు కానీ పెద్ద దెబ్బేమీ తగల్లేదు. ఇల్లు ఇలా ఉంటే ఆరోగ్యానికి నిజంగా హానికరమా? ఇదొక జబ్బా? ఆయన ఊరికి వెళ్లినప్పుడు పాత సామాన్లవాడిని పిలిచి అన్నీ ఇచ్చేయవచ్చా?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అమ్మా, మీరు సామాన్ల గురించి అడిగారు. వాటి సంగతి తప్పకుండా చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసినవి మూడు మాటలు: మూడు వారాల దగ్గు, వదులైన ప్యాంట్లు, మిగిలిన యాంటీబయాటిక్.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికి ఉన్నా, కారణం మనకు తెలిసినట్టే అనిపించినా, క్షయ కాదని నిర్ధారించుకోవాలి. షుగర్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం మిగతావారి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. పైగా మీ మామగారు బరువు తగ్గారు. నేను ఇక్కడ కూర్చుని ఆయనకు క్షయ అని చెప్పడం లేదు, ఆయన్ను చూడకుండా ఎవరూ అలా చెప్పకూడదు. షుగర్ అదుపు తప్పినా బరువు తగ్గుతుంది. బీపీకి వాడే రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మందుల వల్ల కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. దుమ్ము, బొద్దింకల వల్ల ఆస్తమా రేగినా రాత్రిపూట దగ్గు వస్తుంది. ఊపిరితిత్తుల్లో ఇతర సమస్యలూ ఉండవచ్చు. ఇన్ని కారణాలు ఉండగా నేరమంతా పాత పేపర్ల మీదకు నెట్టి, వాటిని బయటికి పంపితే దగ్గు కూడా వెళ్లిపోతుందని ఎదురుచూడడం సరి కాదు. ఈ వారంలోనే ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష, షుగర్ పరీక్షలు చేయించండి. తెమడ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉన్నదే ఇలాంటి జబ్బుల కోసం. ఒకవేళ క్షయ అని తేలినా కంగారు పడకండి. మామూలు క్షయ అయితే సాధారణంగా ఆరు నెలల మందులతో నయమవుతుంది. మందులు ఉచితం, చికిత్స సాగినంతకాలం పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు కూడా ప్రభుత్వం ఇస్తోంది.

ఇక ఆ ఐదు రోజుల యాంటీబయాటిక్. ఏ మందో మీరు రాయలేదు. లెవోఫ్లాక్సాసిన్ లాంటి మందు అయితే అది క్షయ క్రిములను కొంత అణచగలదు. దగ్గు కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది, పరీక్షలో క్రిములు దొరక్కపోవచ్చు, రోగ నిర్ధారణ వారాల తరబడి ఆలస్యమవుతుంది, క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదమూ ఉంది. కాబట్టి పరీక్షకు వెళ్లినప్పుడు ఆ మందు వేసిన సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. పేరు గుర్తు లేకపోతే ఖాళీ స్ట్రిప్ అయినా తీసుకెళ్లండి.

మీ ఇంట్లో ఎన్ని పేపర్ల కట్టలున్నా నాకు వాటితో అంత పేచీ లేదు. నా పేచీ ఆ మందుల డబ్బాతోనే. దాదాపు ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. గత వారం ఒక పెద్దావిడ తన భర్త మందులు దాచుకునే బిస్కెట్ డబ్బాను నా టేబుల్ మీద గుమ్మరించారు. సిరప్ కారి అడుగున తుప్పుపట్టి, చీమలు చేరి ఉంది. కత్తెరతో కోసిన స్ట్రిప్పు ముక్కల్లో కొన్నింటి మీద మందు పేరు సగమే మిగిలింది, తేదీ అసలే లేదు. నెలల కిందట తెరిచిన కంటిచుక్కల సీసా, మోకాళ్ల నొప్పికి ఎవరో ఇచ్చిన మాత్రలు, పగిలిపోయిన ఇన్సులిన్ సీసా. అన్నింటికంటే నన్ను భయపెట్టింది వేర్వేరు కంపెనీల పేర్లతో ఉన్న రెండు స్ట్రిప్పులు. రెండింటిలోనూ ఉన్నది ఒకే బీపీ మందు. డాక్టరు మారినప్పుడు పేరు మారింది, పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆయన రెండూ వేసుకుంటున్నారు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని వాళ్లు వచ్చింది అందుకే. మీ మామగారు పడిపోవడానికి కారణం పేపర్ల కట్ట ఒక్కటేనా అన్న అనుమానం నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఆ వయసులో దగ్గు సిరప్పులు, జలుబు మాత్రలు కూడా మగత తెస్తాయి, ప్రోస్టేట్ పెరిగినవారికి మూత్రం బిగబట్టవచ్చు. అయితే నా మాటలు చదివి ఆయన రోజూ వేసుకునే గుండె మాత్రను గానీ, నిద్రమాత్ర అలవాటు ఉంటే దాన్ని గానీ మీ అంతట మీరు ఆపవద్దు, అది మరో ప్రమాదం. డబ్బా మొత్తాన్ని అలాగే డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి, ఉంచవలసినవి ఏవో డాక్టరుతోనే వేరు చేయించండి.

పడినప్పుడు తలకు తగిలిందా? రక్తం పలచబడే మందు వాడేవారికి తల లోపల రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడవచ్చు. కొత్తగా తలనొప్పి, మత్తు, నడకలో తూలడం, మాట తడబడడం, ఒక చేయి బలహీనపడడం వంటివి కనిపిస్తే ఈ జవాబు చదువుతూ కూర్చోకుండా వెంటనే స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. సామాన్లు ఎక్కువగా ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. డబ్బా ఖాళీ అయితే పప్పు పోసుకోవడానికి దాచుకున్న తరం అది. మంచం మీద పడుకోగలుగుతున్నారా, పొయ్యి దగ్గర నిలబడి వండుకోగలుగుతున్నారా, చీకట్లో బాత్రూమ్‌కు దారి ఉందా అన్నది చూడాలి. ఇవి సాధ్యం కానంతగా పేరుకుపోయి, ఒక్క వస్తువు తీసినా మనిషి తల్లడిల్లిపోతుంటే అది చికిత్స అవసరమైన సమస్య. 2013లో అమెరికా మానసిక వైద్యులు, తర్వాత 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా దీన్ని ప్రత్యేకమైన రుగ్మతగానే గుర్తించాయి. కానీ ఆ అలవాటు ఎక్కువగా చిన్న వయసులోనే మొదలవుతుంది. మీ మామగారికి భార్య పోయాక, 67 ఏళ్లకు మొదలైంది. అందువల్ల దుఃఖం, డిప్రెషన్, మతిమరుపు తొలిదశ వంటివి ముందు పరిశీలించాలి. డబ్బు లెక్క తప్పడం, తెలిసిన దారి మరిచిపోవడం, స్నానం మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం వంటివి ఉంటే మానసిక వైద్యులకు చూపించండి. ఫోన్‌లో మొదలుపెట్టాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆయన ఊళ్లో లేనప్పుడు అన్నీ ఇచ్చేయకండి. తిరిగొచ్చి ఖాళీ గది చూసిన మనిషి మీ మీద నమ్మకం కోల్పోతారు, మరింతగా దాచడం మొదలుపెడతారు. ఆ అట్టపెట్టెల్లో మీ అత్తయ్యగారి చీర ఉందో, ఆవిడ చేతిరాత ఉన్న పద్దుపుస్తకం ఉందో మీకు తెలియదు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని రోజుకు అరగంట, ఒక్క మూల మాత్రమే సర్దండి. ఏది ఉండాలో ఆయన్నే చెప్పనివ్వండి.

రెండు చోట్ల మాత్రం ఆలస్యం వద్దు. బాల్కనీలోని నూనె డబ్బాల్లో, కూలర్ అడుగున వాన నీరు నిలిస్తే వారం పది రోజుల్లో డెంగీ దోమలు తయారవుతాయి, కనుక వారానికి ఒకసారి అన్నీ బోర్లించండి. రెండోది మంచం నుంచి బాత్రూమ్ వరకు ఉన్న దారి. అక్కడి పేపర్ల కట్టలను ఆయనతో చెప్పి ఈ రాత్రికే గోడ వారగా జరిపించి, ఒక చిన్న లైటు వెలిగించి ఉంచండి. తెమడ పరీక్షకు పొద్దున లేవగానే వచ్చే తెమడ మంచిది కాబట్టి, రేపే ఆసుపత్రి నుంచి పరీక్ష డబ్బా తెచ్చి పెట్టుకోండి.