కొత్త స్టీరియో పెట్టాక, కారు ఆపిన ప్రతిసారీ టైమ్, స్టేషన్లు ఎందుకు పోతున్నాయి?

చాలావరకు సెట్టు లోపం కాదు, పసుపు, ఎరుపు వైర్లు తారుమారయ్యాయి. బయట కొన్న సెట్లలో పసుపు వైరుకు బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఎప్పుడూ అందాలి, మెమరీ నిలిచేది దానితోనే. ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడు కరెంటు వస్తే చాలు. అవి మారితే తాళం తీయగానే అన్నీ చెరిగిపోతాయి. ఉదాహరణకు, కొన్ని ఫోక్స్‌వ్యాగన్ కార్లలో స్టీరియో వైర్లు గుచ్చే ఐఎస్ఓ సాకెట్‌లో ఈ రెండు కరెంట్లు వచ్చే 4, 7 పిన్నులు మామూలు వరుసకు తిరగేసి ఉంటాయి. అందుకే చాలా హార్నెస్‌లలో (సెట్టును కారు సాకెట్‌కు కలిపే వైర్ల కట్టల్లో) ఈ రెండు వైర్ల మధ్య ఊడదీసి మార్చి గుచ్చుకునే చిన్న జాయింట్లు ఇస్తారు (చాలామంది వాటిని గమనించనే గమనించరు). రెండు వైర్లనూ కలిపి బ్యాటరీకి ఇచ్చేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు: టైమ్ నిలుస్తుంది గానీ, తాళం తీసినా సెట్టు ఆగదు, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవచ్చు.