చిన్న కాలేజీయా, పెద్ద యూనివర్సిటీయా?

ప్రశ్న: మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో 31 వేల ర్యాంకు వచ్చింది. బీసీ కులం, ఆదాయం లక్షన్నర లోపే. నల్గొండ దగ్గర కంప్యూటర్ బ్రాంచీలే ఉన్న చిన్న కాలేజీలో ఏఐ–ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) సీటు రావచ్చంటున్నారు. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ‘నాక్ ఏ ప్లస్ ఉంది, నేరుగా సీటిస్తాం’ అని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఎటు పంపాలి?
– ఒక పాఠకుడు, హాలియా

జవాబు: ముందు డబ్బు లెక్క చూసుకోండి. ర్యాంకు 10,000 దాటింది కాబట్టి కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే) సీటుకు మీకొచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏటా 35,000 రూపాయల వరకే. కాలేజీ ఫీజు అంతకు మించితే తేడా మీరే కట్టాలి. నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకు ఆ 35,000 కూడా రాదు. పైగా హాస్టల్ ఖర్చు. మీ ఆదాయానికి ఆ ఫోన్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

నాక్ అంటే ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే జాతీయ మండలి. దాని గ్రేడు కాలేజీ లేదా యూనివర్సిటీ మొత్తానికి ఇచ్చేది. మీ అమ్మాయి చదివే బ్రాంచీ సంగతి చెప్పేది ఎన్‌బీఏ (కోర్సులవారీగా నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు. కనీసం రెండు బ్యాచ్‌లు బయటికొస్తే గానీ దానికి దరఖాస్తు చేయలేరు. అందుకే కొత్త ఏఐ–ఎంఎల్‌కు అది లేకపోవడం తప్పు కాదు. అదే కాలేజీలో పాత కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) బ్రాంచీకీ లేకపోతే మాత్రం ఆలోచించండి.

చిన్న కాలేజీలో అసలు చూడాల్సింది అధ్యాపకులను. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ లెక్క 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. ఏటా 180 సీట్లంటే నాలుగేళ్లకు 720 మంది. గణితం, ఫిజిక్స్ వాళ్లతో కలిపి 36 మంది ఉండాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో ‘మాండేటరీ డిస్‌క్లోజర్’ తెరిస్తే పేర్లు, చేరిన తేదీలు కనిపిస్తాయి. సగం మంది నిరుడే చేరినవాళ్లైతే అక్కడ ఎవరూ నిలవడం లేదన్నమాట. పనిరోజు మధ్యాహ్నం వెళ్లి ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లు నడుస్తున్నాయో చూడండి. సెలవు రోజు చూపించే ల్యాబ్ ఎప్పుడూ బాగానే ఉంటుంది! ప్లేస్‌మెంట్లు అడిగితే ఆఫర్ల సంఖ్య చెబుతారు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లుంటే మూడూ లెక్కేస్తారు. ఎంతమంది నమోదైతే ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో, మధ్యస్థ జీతమెంతో (జీతాలను వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) అడగండి.

చిన్న కాలేజీకున్న అసలు లోటు, మనసు మారితే వెళ్లడానికి వేరే బ్రాంచీ లేకపోవడం. అమ్మాయికి ఎలక్ట్రానిక్స్ మీద కూడా ఆసక్తి ఉంటే అన్ని బ్రాంచీలున్న చోటే నయం. పెద్దదంటే ప్రైవేటే కానక్కర్లేదు. నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీకి సొంత ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, దాన్నీ ఆప్షన్లలో పెట్టండి.

వెబ్ ఆప్షన్లను ర్యాంకుకు ఏది వస్తుందోనని కాకుండా, ఇష్టమైన వరుసలోనే ఇవ్వండి. రెండో విడతలో పై ఆప్షన్ వస్తే మొదటి సీటు దానంతటదే పోతుంది. కాబట్టి వద్దనుకున్న కాలేజీని ఆ జాబితాలో ఉంచకండి.