‘హై అండ్ లో’ రీమేక్ చూసే ముందు మూలం చూడాలా?

తప్పకుండా చూడండి. అమెరికన్ దర్శకుడు స్పైక్ లీ 2025లో న్యూయార్క్‌కు తీసుకువెళ్లిన ఈ కథను జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1963లో అక్కడి యొకొహామాలో నడిపారు. నిజానికి దాని పుట్టిల్లు అమెరికాయే; ఎడ్ మెక్‌బైన్ నవల ఆధారం. అందుకే ఈ రీమేక్ మీద నాకు మొదటినుంచీ ఆశ ఉంది.

మూలంలోని బూట్ల కంపెనీ అధికారి కొత్త సినిమాలో సంగీత వ్యాపారి అయ్యాడు. యజమాని కొడుకనుకుని డ్రైవరు కొడుకును ఎత్తుకుపోవడం మాత్రం అలాగే ఉంది. మూలంలో దాదాపు గంటసేపు కథ కొండమీది ఆ యజమాని ఇల్లు దాటదు. కిడ్నాపర్ అడిగిన డబ్బు కట్టేస్తే యజమాని సర్వం పోగొట్టుకుంటాడు. బిడ్డ కోసం డ్రైవరు నేలమీద మోకరిల్లి వేడుకుంటాడు. ఆ గదిలోని ఉక్కపోత ముందు ఏ ఛేజింగూ నిలవదు. తర్వాత, నలుపు తెలుపు చిత్రంలో ఒక్కసారిగా గులాబీ రంగు పొగ లేస్తుంది. దాన్ని ముందే ఎవరూ చెప్పకుండా చూడగలిగినవారు అదృష్టవంతులు. మీకు చెప్పేసినందుకు క్షమించండి.