పిల్లల బడి దారి: పెద్దలు చేయగలిగినది

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, అమ్మాయికి అయిదేళ్లు. బడి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉన్నా, దారిలో వాహనాల వేగం చూసి భయపడి, రోజూ కారులోనే దింపి వస్తున్నాము. రోడ్డు ఎలా దాటాలో ఎన్నిసార్లు చెప్పినా అబ్బాయి ఒక్కోసారి చేయి విడిపించుకుని పరుగెత్తుతాడు. పిల్లలకు జాగ్రత్తలు చెప్పడం కాకుండా, రోడ్డే సురక్షితంగా మారడానికి తల్లిదండ్రులు చేయగలిగినది ఏమైనా ఉందా?
— ఒక తల్లి

జవాబు: చాలా ఉంది. ముందుగా ఒక మాట: మీ అబ్బాయి అలా పరుగెత్తడాన్ని మొండితనంగా భావించకండి. ఎనిమిదేళ్ల పిల్లవాడు రోడ్డు నియమాలను తడుముకోకుండా అప్పజెప్పగలడు గాని, అవతలి పక్కన స్నేహితుడు కనిపించిన క్షణంలో ఆ నియమాలను గుర్తుచేసుకుని తనను తాను ఆపుకునే నిగ్రహం ఆ వయసుకు పూర్తిగా రాదు. వచ్చే వాహనం ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో వస్తోంది అన్న రెండింటినీ కలిపి అంచనా వేయడంలో కూడా పిల్లలు తరచూ పొరబడతారు. పైగా ఆగి ఉన్న కారు పక్కనుంచి రోడ్డు మీదికి వచ్చే పిల్లవాడు, ఎత్తు చాలకపోవడం వల్ల, డ్రైవరుకు చివరి క్షణం దాకా కనిపించడు. అందుకే సుమారు పదేళ్లు నిండేవరకు పిల్లలను రద్దీ రోడ్డు ఒంటరిగా దాటనివ్వవద్దని నిపుణులు చెబుతారు.

కాబట్టి నేర్పవలసినది నేర్పుతూనే, పిల్లవాడు పొరపాటు చేసినా ప్రాణం దక్కే రోడ్డును కోరుకోవాలి. మనుషులు పొరపాట్లు చేస్తారని ముందే ఒప్పుకుని, ఆ పొరపాటు ప్రాణాంతకం కాకుండా రోడ్లను, వేగాన్ని తీర్చిదిద్దాలన్నదే 1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించిన ‘విజన్ జీరో’ విధానానికి ఆధారం. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది వేగం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు, డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లలో ఆగిపోతుంది. అదే కారు 50 కిలోమీటర్ల వేగంతో ఉంటే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది; అంటే మొదటి కారు పూర్తిగా ఆగిన చోట, రెండో కారు ఇంకా వేగం తగ్గడం కూడా మొదలుపెట్టి ఉండదు. నడిచేవారూ వాహనాలూ కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 కిలోమీటర్లే ఉండాలని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో వివిధ దేశాల మంత్రులు పాల్గొన్న సదస్సు ప్రకటించింది.

ఇక్కడ తల్లిదండ్రులకు కాస్త కష్టంగా తోచే విషయం ఒకటి చెప్పక తప్పదు. ఉదయం బడి గేటు ముందు కనిపించే వాహనాలలో అనేకం తల్లిదండ్రులవే. గంట కొట్టేవేళకు ఒక కారు జీబ్రా క్రాసింగ్ మీదే ఆగుతుంది. దాని పక్కన రెండో వరుసలో ఇంకొకటి నిలబడుతుంది. రోడ్డు వైపు తలుపు తెరుచుకుని ఒక పాప దిగుతుంది. ఆ వెనుకే మరొకరు తొందరగా రివర్స్ చేస్తుంటారు. నడిచి వచ్చే పిల్లలు ఆ రెండు వరుసల మధ్య నుంచి దారి వెతుక్కోవలసి వస్తుంది. పిల్లల భద్రత కోసమే కారులో తెచ్చిన పెద్దలు, తమకు తెలియకుండానే ఇతరుల పిల్లలకు అపాయంగా మారుతున్నారు. దీన్ని మార్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. గేటుకు కొంత దూరంలోనే, నిలపడానికి అనువైన చోట కారు ఆపి, పిల్లలను కాలిబాట వైపు తలుపు నుంచే దింపి, మిగిలిన దారి చేయి పట్టుకుని నడిపించండి. నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోకండి. పది నిమిషాలు ముందు బయలుదేరితే వేగంగా నడపవలసిన అవసరమే రాదు.

రెండో పని నలుగురూ కలిసి చేసేది. ఒకే దారిలో వచ్చే కుటుంబాలు వంతులు వేసుకుని, ఇద్దరు పెద్దలు ఒకరు ముందు, ఒకరు వెనుక ఉండి పిల్లల గుంపును నడిపించి తీసుకువెళ్లే పద్ధతి అనేక దేశాలలో ఉంది. ఇందువల్ల గేటు ముందు కార్లు తగ్గుతాయి, గుంపుగా నడిచే పిల్లలు డ్రైవర్లకు దూరం నుంచే కనిపిస్తారు.

మూడోది అధికారులను అడగడం. ‘రోడ్డు ప్రమాదకరంగా ఉంది’ అని రాసిన అర్జీ సాధారణంగా ఫైలులోనే ఉండిపోతుంది. దానికి బదులు, ఏ మలుపు దగ్గర చెట్టు కొమ్మ అడ్డం వచ్చి వాహనాలు కనిపించడం లేదో, కాలిబాట ఎక్కడ తెగిపోయిందో, క్రాసింగ్‌కు ఆనుకుని ఏ వేళ వాహనాలు నిలుపుతున్నారో ఫొటోలతో, చేతితో గీసిన పటంతో చూపి, కావలసినది స్పష్టంగా అడగండి: స్పీడ్ బ్రేకర్, ఎత్తు చేసిన క్రాసింగ్, మూల దగ్గర పార్కింగ్ నిషేధం. బడి యాజమాన్యం సంతకం కూడా చేరితే అర్జీకి బలం వస్తుంది. జవాబు రాకపోతే మళ్లీ అడగండి.

ఇలా అడిగితే ఫలితం ఉంటుందా అన్న సందేహం రావచ్చు. 1971లో నెదర్లాండ్స్‌లో 3,000 మందికి పైగా రోడ్డు ప్రమాదాలలో మరణించారు. వారిలో పిల్లలే 400 మందికి పైగా ఉన్నారు. ఆ తర్వాత అక్కడి తల్లిదండ్రులు ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్న నినాదంతో ఉద్యమించి, పిల్లలతో కలిసి వీధులలో బైఠాయించారు, వాహనాలను ఆపి అక్కడే పిల్లలను ఆడించారు. నివాస వీధులలో నడిచేవారికే ప్రాధాన్యం ఇచ్చే నిబంధనలు 1976లో ఆ దేశ చట్టంలోకి వచ్చాయి. ఈనాడు అక్కడి పిల్లలు బడికి సైకిళ్ల మీద వెళ్లడం వెనుక ఆ తల్లిదండ్రుల పట్టుదల కూడా ఉంది.

ప్రశ్న: మా పాపకు ఏడాది. కారులో దగ్గరి దూరాలకు ముందు సీటులో ఒడిలో కూర్చోబెట్టుకుంటే సరిపోదా?
— ఒక తండ్రి

జవాబు: సరిపోదు. ఢీకొన్న క్షణంలో బిడ్డను చేతులతో పట్టి ఆపడం ఎంత బలవంతులకైనా సాధ్యం కాదు. సీటు బెల్టు పెట్టుకోని పెద్దవారి ఒడిలో ఉంటే, వారి బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ప్రమాదానికి దగ్గరా దూరమూ ఉండవు. పాప ఎత్తుకు, బరువుకు తగిన చైల్డ్ సీటును వెనుక సీటులో బిగించి, అది అనుమతించినంత కాలం పాప ముఖం కారు వెనుక వైపుకు ఉండేలా కూర్చోబెట్టండి. పసిపిల్లల తల బరువు, మెడ బలహీనం. అలా కూర్చున్నప్పుడు దెబ్బ మెడ మీద పడకుండా వీపంతటా పరుచుకుంటుంది. పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో మాత్రం ఇటువంటి సీటును ఎన్నడూ పెట్టకండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇక ఒంటరిగా బడికి పంపవచ్చా?
— ఒక తల్లి

జవాబు: వయసొక్కటే చూసి నిర్ణయించకండి, దారిని కూడా చూడండి. కొద్ది రోజులు మీరు వెంట నడుస్తూ, ఎక్కడ దాటాలో, ఎప్పుడు దాటాలో ఆమెనే చెప్పమనండి, కారణం కూడా అడగండి. దగ్గరి దారి కంటే, రెండు వైపులా వాహనాలు స్పష్టంగా కనిపించే దారిని ఎంచుకోవడం నేర్పండి. ఆ తర్వాత కొన్ని రోజులు కాస్త వెనుకగా నడిచి గమనించండి. ఆగి ఉన్న వాహనం అంచు దాకా వచ్చి మళ్లీ ఆగి చూస్తోందా, ఒక డ్రైవరు ఆగి దారి ఇచ్చినా పక్క వరుసలో మరొకటి వస్తోందేమో చూస్తోందా అన్న రెండూ ముఖ్యం. ఆ రెండూ మీరు గుర్తుచేయకుండానే చేస్తున్నప్పుడు పంపవచ్చు.