మ్యూనిక్ కన్నీళ్ళు కొట్టెయ్

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కోచ్ బాబ్ హౌటన్ మీద తెలుగులో ఇంత శ్రమపడి రాసింది నేను చూడలేదు. హైదరాబాద్ వానల పేరా బాగుంది. మెచ్చుకోలు ఇంతటితో సరి.

1979 మే 30 రాత్రి, యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూరోపియన్ కప్ ఫైనల్లో అతని స్వీడన్ జట్టు మాల్మో ఇంగ్లండ్ జట్టు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చేతిలో ఓడిపోయాక, మ్యూనిక్ డ్రెస్సింగ్ రూమ్‌లో హౌటన్ గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడని రాశావు. ఎవరు చెప్పారు నీకు? నువ్వు అక్కడ లేవు, ఉన్నవాళ్ళ మాటా నీ దగ్గర లేదు. ఒక పేజీ కన్నీళ్ళు కార్చి, గోల్ ఎలా పడిందో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు: "దురదృష్టవశాత్తు ఫారెస్ట్ గోల్ చేసింది." దురదృష్టం కాదమ్మా. నీ వ్యాసం మొత్తానికీ ప్రాణం ఆ గోల్‌లోనే ఉంది.

ముందు హౌటన్ స్వీడన్‌కు ఏం పట్టుకెళ్ళాడో చూడు. ఇంగ్లండ్‌లో ఆటగాడిగా అతనికి పెద్ద పేరేమీ లేదు. ఫుట్‌బాల్ అసోసియేషన్ కోచింగ్ అధిపతి అలెన్ వేడ్ దగ్గర చదువుకున్నాడు. 1974లో మాల్మో జట్టు చేపట్టేనాటికి ముప్ఫై కూడా నిండలేదు. అప్పటి స్వీడన్ జట్లు ఎక్కువగా జర్మన్ల దారిలో ఆడేవి. ఒక్కో డిఫెండర్ ఒక్కో ప్రత్యర్థిని అంటిపెట్టుకుని తిరుగుతాడు, వాళ్ళందరి వెనక కాపలాకి ఒకడు మిగులుతాడు. హౌటన్ దాన్ని ఎత్తేశాడు. మనిషిని కాదు, చోటును కాయమన్నాడు. నువ్వేమో "4-4-2తో విప్లవం తెచ్చాడు" అని రాసి ముందుకెళ్ళిపోయావు. నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు: ఆ అంకెలు కాగితం మీద ఎవడైనా వేస్తాడు. వెనకున్న ఆ ఎనిమిది మంది ఎలా కదులుతారో రాయాలి.

మైదానం వెడల్పు సాధారణంగా 68 మీటర్లు. నలుగురు డిఫెండర్లు మనిషికీ మనిషికీ పది మీటర్ల ఎడంతో నిలబడితే 30 మీటర్లే కాయగలరు. మిగతా 38 మీటర్లు ఖాళీ. ఆ ఖాళీని బంతికి దూరంగా ఉన్న వైపుకి నెట్టడమే ఈ పద్ధతి కిటుకు. బంతి ఎడమకు పోతే నలుగురూ కలిసి ఎడమకు జరుగుతారు, వాళ్ళ ముందున్న నలుగురు మిడ్‌ఫీల్డర్లూ అంతే. బంతి పట్టుకున్నవాడి మీదకు ఒకడు వెళ్తే, పక్కవాడు వాడి భుజం వెనక నిలబడతాడు. ప్రత్యర్థి వీపు తిప్పి ఉన్నా, మీదకు మనవాడు వచ్చేసినా వరస మొత్తం ముందుకు ఎక్కి అవతలి ఫార్వర్డ్‌లను ఆఫ్‌సైడ్‌లో (బంతి అందించే క్షణాన డిఫెండర్ల వరస దాటి ఉండే తప్పులో) పెట్టాలి. వాడు తలెత్తి తీరిగ్గా చూస్తున్నాడంటే వరస వెనక్కి తగ్గాలి. నలుగురిలో ఒక్కడు అర సెకను ఆలస్యం చేసినా గోల్‌కి దారి తెరుచుకుంటుంది.

ఇది బోర్డు మీద గీతలు గీస్తే వచ్చే విద్య కాదు. ముందు ప్రత్యర్థులు లేకుండా ఎనిమిది మందినీ నిలబెడతారు. కోచ్ బంతిని అటూ ఇటూ మారుస్తుంటే వాళ్ళు జరుగుతుంటారు. విజిల్ ఊదగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి, ఎడాలు చూస్తారు. ఆ తర్వాతే ఎదురుగా ఫార్వర్డ్‌లను దించుతారు. ఆటగాళ్ళకు విసుగు పుట్టే పని ఇది. విసుగు పుట్టేదాకా చేస్తేనే ఒంటికి పడుతుంది. స్వీడన్‌లో చాలామంది దీన్ని మరమనుషుల ఆట అని వెక్కిరించారు. హౌటన్ మాత్రం 1974, 75, 77లలో లీగ్ గెలిచాడు. అతని సిఫారసుతో మరో స్వీడన్ క్లబ్ హాల్మ్‌స్టాడ్‌కు వచ్చిన పాత స్నేహితుడు రాయ్ హాడ్జ్‌సన్ 1976లో, 79లో గెలిచాడు. వీళ్ళిద్దరినీ చూసి నేర్చుకున్న స్వెన్-గోరాన్ ఎరిక్సన్ 1982లో గోథెన్‌బర్గ్ క్లబ్‌కు యూరప్‌లోని మరో పోటీ యుఈఎఫ్ఏ కప్ తెచ్చాడు. తర్వాత అదే ఎరిక్సన్ ఇంగ్లండ్ జాతీయ జట్టుకు తొలి విదేశీ కోచ్. ఇంగ్లండ్ నుంచి పోయిన చదువు స్వీడన్ చుట్టి మళ్ళీ ఇంగ్లండ్ చేరింది. నీ వ్యాసంలో ఈ మాటే లేదు!

ఇప్పుడు ఆ గోల్. మాల్మోలో దాదాపు అందరూ ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళే. అటుపక్క కోచ్ బ్రయాన్ క్లఫ్ ఫారెస్ట్ జట్టులో ట్రెవర్ ఫ్రాన్సిస్, బ్రిటన్‌లో పది లక్షల పౌండ్ల ధర పలికిన తొలి ఆటగాడు. ఆ పోటీలో అతనికి అదే మొదటి మ్యాచ్. మొదటి సగం ముగియబోతుండగా ఎడమ అంచున జాన్ రాబర్ట్‌సన్ ఇద్దరిని దాటి బంతిని గోల్ ముందు నుంచి అవతలి పోస్ట్‌కి ఎత్తాడు. ఫ్రాన్సిస్ పరుగున వచ్చి తలతో కొట్టాడు. 1-0. ఆట అక్కడితో తేలిపోయింది. పైన చెప్పిన 38 మీటర్ల ఖాళీ గుర్తుందా? వరస బంతి వైపు జరిగినప్పుడు విడిచిపెట్టేది ఆ అవతలి వైపునే. బంతి గాల్లో ఉన్నంతసేపే దాన్ని మూసే గడువు. ఇన్నేళ్ళు గెలిపించిన పద్ధతి వదిలేసే చోటుకే బంతి వచ్చి పడింది. ఇంతకన్నా విషాదం ఏం కావాలి నీకు, ఏడిపించడమెందుకు?

తప్పు నీ ఒక్కదానిదే అనను. మన స్పోర్ట్స్ డెస్కులకు పాత జబ్బొకటి ఉంది. ఆటగాడి ఇంట్లో పొయ్యి వెలగలేదంటే నాలుగు కాలమ్‌లు, గోల్ ఎలా పడిందో రాస్తే "ఎవడికి అర్థమవుతుందండీ ఇది" అని కోత. కాపీలో మీటర్లు కనబడితే చాలు, ఎర్రపెన్ను తీసే మహానుభావులుండేవారు. ఇప్పుడు దానికే "ఎమోషనల్ జర్నీ" అని కొత్త పేరు పెట్టుకున్నారు. క్రికెట్ స్కోరు పట్టికకు అర పేజీ ఇచ్చే పత్రికకు ఫుట్‌బాల్‌లో ఒక బొమ్మ గీయడానికి రెండంగుళాలు దొరకవు.

ఇండియా భాగానికి వస్తాను. 2006 నుంచి 2011 దాకా హౌటన్ మన కోచ్. 2008లో ఆసియా జట్ల ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్‌లో హైదరాబాద్‌లో తజికిస్తాన్‌తో 1-1. వానలకు ఫైనల్ ఢిల్లీకి మారాక, రెండు వారాలైనా తిరక్కుండా అదే జట్టు మీద 4-1, సునీల్ ఛెత్రి హ్యాట్రిక్. "మంత్రం వేశాడు" అన్నావు. మంత్రమేమీ లేదు. రెండు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టుకుని ఏం మారిందో వెతుకు. మైదానమా, మనవాళ్ళ వరసా, ఛెత్రికి బంతి అందిన చోటా?

క్యాంపుల సంగతి నువ్వు ఒక్క వాక్యంలో ముగించావు. అది తప్పు. క్లబ్ కోచ్‌కి ఆటగాళ్ళు రోజూ దొరుకుతారు, జాతీయ కోచ్‌కి కొద్ది రోజులే. రోజూ చేయిస్తే తప్ప రాని పద్ధతి అతనిది. అందుకే 2011 ఆసియా కప్ ముందు మనవాళ్ళను నెలల తరబడి క్యాంపులో పెట్టుకున్నాడు. అంత చేసినా దోహాలో ఆస్ట్రేలియా మీద 0-4, బహ్రెయిన్ మీద 2-5, దక్షిణ కొరియా మీద 1-4. బహ్రెయిన్ మ్యాచ్‌లో ఇస్మాయిల్ అబ్దుల్లతీఫ్ ఒక్కడే నాలుగు కొట్టాడు. అందులో మూడు మొదటి సగంలోనే.

హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ గురించి రాసిన రెండు పేజీలూ ఇందులో అతకలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం తెచ్చిన మనిషిని ఇంకొకరి కథలో కొసరుగా వేయకూడదు. ఆయనకు వేరే వ్యాసం రాయి.

పుస్తకంగా వేయొచ్చా, ఎవరు వేస్తారు అని అడిగావు. ఆ మాట తర్వాత. ముందు బహ్రెయిన్ మ్యాచ్ మొదటి సగం సంపాదించి, కామెంటరీ ఆపేసి చూడు. గోల్ పడిన ప్రతిసారీ బంతి కాలు విడిచిన క్షణాన ఆపి, మన నలుగురు డిఫెండర్లు ఎక్కడున్నారో కాగితం మీద చుక్కలు పెట్టు. బంతి ఉన్నవాడి మీదకు ఎవరైనా వెళ్ళారా, వరస ఎక్కిందా తగ్గిందా, అవతలి వైపు ఎంత ఖాళీ ఉందో పక్కనే రాసుకో. ఆ కాగితాలు చూసే ఆఖరి భాగం తిరగరాసి పంపు. మొదటి పేజీలో లండన్ వానలో గుడ్డబంతి తన్నే పిల్లాడున్నాడే, వాణ్ణి మాత్రం మళ్ళీ పంపకు.