పచ్చబొట్టు మానేవరకు పసుపు పెట్టవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఐదు రోజుల క్రితం ముంజేతిపై కాకతీయ తోరణం బొమ్మను టాటూగా వేయించుకున్నాను. ఇప్పుడు నల్లని పొట్టు లేస్తోంది. తోరణం పైనున్న హంస దగ్గర రంగు వెలిసిపోయినట్లు కనబడుతోంది. మిర్చి బస్తాల మధ్య తిరిగి వచ్చిన రోజు రాత్రి మంటతో నిద్ర పట్టలేదు. మా బాపమ్మ చేతులపై ఆమె చిన్ననాటి పచ్చబొట్లు నేటికీ చెక్కుచెదరలేదు. ఆమె పసుపు, నూనె కలిపి రాయమంటున్నారు. మందుల దుకాణంలో అడిగితే ఒక క్రీము ఇచ్చారు. ఏది వాడాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందుగా మీ హంస గురించి చెబుతాను, దానికేమీ కాలేదు. టాటూ సూది సిరాను చర్మం పైపొరను దాటించి, సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోతులో ఉండే లోపలి పొరలో వదులుతుంది. అక్కడి రక్షక కణాలు ఆ సిరాను పరాయి పదార్థంగా గుర్తించి మింగుతాయి కానీ అరిగించుకోలేక దానితోపాటు అక్కడే ఉండిపోతాయి. బాపమ్మ గారి పచ్చబొట్లు ఇన్నేళ్లు నిలిచింది అందువల్లనే. ఇప్పుడు రాలుతున్నది సూది పోట్లకు దెబ్బతిన్న పైపొర మాత్రమే. దానికంటిన సిరా పొట్టుతోపాటు పోతుంది, కింద కొత్తగా వచ్చే చర్మం కొన్నాళ్లు పాలమీగడలా మసకగా ఉంటుంది కనుక బొమ్మ వెలిసినట్లు అనిపిస్తుంది. పైపొర మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు, లోపలి పొర పూర్తిగా కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా దురద పుట్టక మానదు. గోకవద్దు, పొట్టును గోటితో లాగవద్దు. సగం ఊడిన పొట్టును లాగితే కింద ఇంకా మానని చర్మం కూడా లేచి వస్తుంది, నిజంగా రంగు పోయేది అప్పుడే. దురద భరించలేనప్పుడు శుభ్రమైన తడిగుడ్డను కాసేపు పైన ఉంచండి.

పసుపు విషయంలో బాపమ్మ గారి మాటను తేలికగా తీసివేయడం నాకు ఇష్టం లేదు. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండులకు పచ్చబొట్లు పొడిచిన తోటి తెగ స్త్రీల నైపుణ్యం తరతరాలది, పొడిచిన చోట పసుపు రాయడం మన పల్లెల్లో అందరూ ఎరిగిన అలవాటే. అయినప్పటికీ వంటింటి డబ్బాలోని పసుపు క్రిములు లేకుండా శుద్ధి చేసిన పదార్థం కాదు. బజారు పొడిలో ఏ రంగు కలిసిందో చూసి చెప్పలేము, కొందరికి పసుపే పడక దద్దుర్లు వస్తాయి. సూది దిగిన వేల రంధ్రాలున్న చర్మం మీద ఏ పొడీ చల్లకూడదు. కొబ్బరి నూనె మాత్రం పొట్టంతా రాలిపోయిన తరువాత నిరభ్యంతరంగా రాసుకోండి, బాపమ్మ గారి మాట సగమైనా నిలబడుతుంది.

మందుల దుకాణంవారు ఇచ్చిన క్రీము పేరు మీరు రాయలేదు. తామరకు, గజ్జికి అడగగానే చేతిలో పెట్టే మిశ్రమ క్రీముల్లో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపును, దురదను తగ్గించి హాయినిస్తుంది కానీ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది, క్రిములు చేరితే ఆ సంగతిని కూడా కప్పిపుచ్చుతుంది. కనుక ట్యూబు మీది పేర్లను డాక్టరుకు చూపించకుండా వాడవద్దు.

మీకు కావలసినవి వాసన లేని సబ్బు, గోరువెచ్చని లేదా చల్లని నీరు, వాసన లేని మాయిశ్చరైజర్. ఇంతకుమించి ఏమీ అక్కరలేదు. రోజుకు రెండు మూడు సార్లు, ముందు చేతులు కడుక్కుని, వేళ్లతో మృదువుగా కడిగి, శుభ్రమైన మెత్తటి గుడ్డతో అద్దండి, తుడవవద్దు. తడి ఆరాక ఆ మాయిశ్చరైజర్ క్రీమును పలుచగా రాయండి. చర్మం నూనె కారినట్లు మెరుస్తుంటే ఎక్కువ రాశారని అర్థం. పీచు, ప్యూమిస్ రాయి దాని దరిదాపులకు రానివ్వవద్దు.

ఇక మిర్చి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే. మిర్చికి ఘాటునిచ్చే పదార్థం నూనెలో కరుగుతుంది, నీటిలో సరిగా కరగదు. అందువల్ల ఉత్త నీళ్లు పోసుకుంటే మంట తగ్గదు, సబ్బు తప్పనిసరి. అదే కారణంగా యార్డుకు వెళ్లేముందు క్రీము రాయవద్దు, జిడ్డుకు మిర్చి దుమ్ము అతుక్కుంటుంది. వదులైన నూలు ఫుల్ చేతుల చొక్కా వేసుకుని వెళ్లి, ఇంటికి రాగానే దాన్ని విప్పి, కడిగిన తరువాతే క్రీము రాయండి. చపాటా రకానికి ఘాటు తక్కువ కదా అని మీరు అనవచ్చు; పుండుకు ఆ తేడా తెలియదు. వీలైతే మీ సేఠును అడిగి రెండు వారాలు బస్తాల దగ్గరకు వెళ్లకుండా పద్దుల దగ్గరే కూర్చోండి. మానిన తరువాత కూడా మన ఎండకు రంగు త్వరగా వెలుస్తుంది కనుక, అప్పటినుంచి బయటికి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాయండి.

మొదటి ఒకటి రెండు రోజులు సిరా కలిసిన పలుచని నీరు ఊరడం సహజం. ఐదో రోజున ఎరుపు తగ్గుముఖం పట్టాలి. అలా కాక అది చుట్టూ పాకుతున్నా, పోటు పెరుగుతున్నా, చీము పట్టినా, మోచేతి వైపు ఎర్రని చారలు కనిపించినా, జ్వరం వచ్చినా మర్నాటికి వాయిదా వేయకుండా ఎం.జి.ఎం. ఆసుపత్రికో, దగ్గరలోని చర్మవ్యాధుల నిపుణుల వద్దకో వెళ్లండి. మధుమేహం ఉంటే ఈ హెచ్చరికను ఇంకా గట్టిగా తీసుకోవాలి.

ప్రశ్న: భుజంపై టాటూ వేయించుకుని ఎనిమిది రోజులైంది. ఈ ఆదివారం కుటుంబంతో కాళేశ్వరం వెళ్తున్నాము. గోదావరిలో మునగవచ్చా?
– ఒక పాఠకురాలు, మంథని

జవాబు: మునగవద్దమ్మా. నది, చెరువు, ఈతకొలను, ఏ నీటిలోనైనా మునిగి నానితే పైపొర మెత్తబడి, నీటిలోని క్రిములు లోపలికి చేరతాయి. కనీసం మూడు వారాలు గడిచి, పొట్టు పూర్తిగా రాలి, చర్మం మూసుకునేవరకు ఆగండి. సంగమంలో పాదాలు తడుపుకుని, నెత్తిన నీళ్లు చల్లుకుని దర్శనానికి వెళ్లండి. ఇంట్లో చెంబుతో చేసే స్నానానికి అభ్యంతరం లేదు.

ప్రశ్న: టాటూ వేయించుకున్నవారు రక్తదానం చేయవచ్చా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: చేయవచ్చు కానీ మన దేశపు నిబంధనల ప్రకారం వేయించుకున్న నాటినుంచి 12 నెలలు ఆగాలి. సూది శుభ్రమైనది కాకపోతే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉండడమే దీనికి కారణం. శిబిరంలో అడిగినప్పుడు తేదీని దాచకుండా చెప్పండి.