తాతగారి పెట్టెలో దొరికిన ఉత్తరాలు: మా ఇంటి అనుభవం

తాతగారి పెట్టెలో ఒక కట్ట ఉత్తరాలు, కొన్ని పాత ఫోటోలు దొరికాయని, వాటిని ఎలా కాపాడుకోవాలో, వాటి ఆధారంగా వంశవృక్షం ఎలా తయారు చేసుకోవాలో చెప్పమని మీరు అడిగారు. కాకినాడ దగ్గరి మా ఊళ్ళో ఇలాంటి పెట్టెతోనే నేను నాలుగేళ్ళు గడిపాను కనుక, నాకు తెలిసివచ్చిన సంగతులు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, ఉత్తరాల వరుస చెదరనివ్వకండి. మా ఇంట్లో అవి ఒక ఇనుప తీగకు గుచ్చి ఉండేవి. వచ్చిన ఉత్తరాన్ని చదివి తీగకు గుచ్చేయడం అప్పటి అలవాటు కాబట్టి, అడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది, పైన ఉన్నది చివరిది. ఆ సంగతి నాకు తట్టలేదు. తుప్పు మరకలు ఇంకా పాకుతాయన్న తొందరలో వాటిని ఊడదీసి వరండాలో ఆరబెట్టాను. తేదీ లేని పదిహేడు ఉత్తరాలు ఏది ముందో ఏది వెనకో తెలియకుండా ఆ ఒక్క మధ్యాహ్నంలో కలిసిపోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. మీరు కట్టను ఉన్నది ఉన్నట్టుగానే ఫోటో తీసి, ఒక్కొక్క ఉత్తరానికి మెత్తని పెన్సిలుతో మూలన అంకె వేసిన తరువాతే విడదీయండి.

మా తాతగారి అన్నగారు రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, ఒక బియ్యపు మిల్లులో గుమాస్తాగా పనిచేశారు. గోదావరి, విశాఖపట్నం జిల్లాల నుంచి అప్పట్లో వేలాదిమంది బతుకుతెరువు కోసం ఓడెక్కి రంగం వెళ్ళేవారు. ఆయన ఉత్తరాలలో ఇంగ్లీషు తేదీ ఎక్కడా కనిపించదు. ‘ఈశ్వర నామ సంవత్సర ఆశ్వయుజ బహుళ పంచమి’ అని రాసి, ‘ఉభయ కుశలోపరి’ అంటూ విషయంలోకి వెళ్ళిపోతారు. ఈశ్వర నామ సంవత్సరం అరవై ఏళ్ళకొకసారి వస్తుంది కనుక అది 1877 కావచ్చు, 1937 కావచ్చు. దాన్ని తేల్చినది కవరు మీది స్టాంపు. అయిదవ జార్జి బొమ్మ ఉన్న ఇండియా స్టాంపే అయినా, దాని మీద బర్మా అని నల్లటి ఇంగ్లీషు అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయినప్పుడు అక్కడి తపాలా శాఖ మన స్టాంపుల మీదే ఆ పేరు ముద్రించి వాడుకుంది. అందుచేత లోపలి కాగితం చాలునని కవర్లను పారేయకండి. స్కాన్ చేసేటప్పుడు కూడా ఉత్తరానికి రెండు వైపులా, కవరుకు రెండు వైపులా తీసి ఒకేచోట ఉంచండి.

ఆయన చివరి ఉత్తరం వృష నామ సంవత్సర కార్తీక మాసంలో, అంటే 1941 శరదృతువు చివర, రాసినది. ఆ డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తరువాత ఆయన ఏమయ్యారో ఏ ఉత్తరంలోనూ లేదు. చావు కబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించి పారేయడం మనవాళ్ళ ఆచారం కాబట్టి, ఇలాంటి కట్టలలో పెళ్ళిళ్ళు, పురుళ్ళు, అప్పులు, పంటలు అన్నీ దొరుకుతాయి గాని మరణాలు మాత్రం దొరకవు. వాటిని తద్దినాలలో వెతకాలి. సంతానం లేని ఆ పెద్దతాతగారికి మా తాతగారే మాఘ బహుళ అమావాస్య నాడు తద్దినం పెట్టేవారని ఎనభయ్యారేళ్ళ మా మేనత్తగారు చెప్పారు. తిథి తెలియని వారికి అమావాస్య నాడు పెడతారని మా పురోహితులు వివరించినప్పుడు, ఆయన పోవడం కళ్ళారా చూసినవారెవరూ మా ఇంటికి చేరలేదన్న సంగతి నాకు అర్థమైంది. 1942 మొదటి నెలల్లో బర్మాలోని ప్రోమ్ పట్టణం నుంచి అరకాన్ కొండల మీదుగా కాలినడకన వస్తూ, దారిలో కలరా తగిలి ఎంతోమంది భారతీయులు ప్రాణాలు విడిచారు. ఆ మాఘమాసం సరిగ్గా ఆ రోజులలోనిదే.

వంశవృక్షానికి కూడా తద్దినం మంచి ఆధారం. తండ్రి, తాత, ముత్తాతల పేర్లతోపాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడా అందులో చెబుతారు. ఆస్తి కాగితాలలో మా ఆడవారి పేర్లు దాదాపుగా లేనే లేవు. అన్నదమ్ముల వరుస, ఎవరు దత్తత వెళ్ళారన్నది మాకు పంపకాల దస్తావేజులో దొరికింది. రిజిస్టరైన దస్తావేజు అయితే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి నకలు తీసుకోవచ్చు.

ఫోటోల విషయంలో చెప్పవలసినది కొద్దిగానే ఉంది. లామినేషన్ చేయించకండి. ఒక దుకాణంలో నేను చేయించిన మా నాయనమ్మ పెళ్ళి ఫోటో కొన్నాళ్ళకే లోపల బుడగలెక్కింది, దాన్ని ఇక విడదీయలేము. పటంలో అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకకుండా, అద్దం మీది బొట్లు తుడిచి, అద్దంతోనే ఫోటో తీయించండి. మామూలు ఫోటోలను 600 డీపీఐ స్పష్టతతో స్కాన్ చేసి, వేరు వేరు ఊళ్ళలో ఉన్న మూడు ఇళ్ళలో కాపీలు ఉంచండి. అసలు ప్రతులను అటక మీద పెట్టకుండా, నేలకు తగలకుండా, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి ఉంచితే చాలావరకు నిలుస్తాయి.

రంగం స్టూడియోలో తీయించిన ఫోటోలో ఆరుగురు ఉన్నారు. మేనత్తగారు భూతద్దం పట్టుకొని, ఒకరిని చెవి పోగును బట్టి, ఇంకొకరిని ఎడమ భుజం మీద కండువా వేసుకున్న తీరును బట్టి గుర్తుపట్టి, అయిదుగురి పేర్లు చెప్పారు. ఆవిడ అనుమతితో ఆ మాటలు ఫోనులో రికార్డు చేశాను. ఎడమ నుంచి నాలుగో మనిషి ఎవరో ఇంకా తెలియలేదు. ఆ ఫోటో ప్రతులను బంధువుల ఇళ్ళకు పంపుతూ, వెనుక ఆయన స్థానంలో పెన్సిలుతో ఒక ఖాళీ గీత గీసి ఉంచాను.